తొమ్మిదీ ఏడు

జనవరి పద్దెనిమిది.
కోర్ మీద నూట యాభై ఎక్కువ, మెమరీ మీద ఎనిమిది వందలు.
తొమ్మిదీ ఏడుకి తెర నల్లబడింది.
ఫ్యాన్లు మాత్రం ఇంటి కప్పు లేచిపోతుందేమో అన్నట్టు
హోరెత్తాయి.

ఇలా నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను రోజూ,
జ్వరం చూసి రాసే నర్సులా.

ఈ కార్డు నా చేతికి కొత్తగా రాలేదు.
సరిహద్దు ఊరి గోదాములో ఎక్కడో
రెండేళ్లు రాత్రీపగలూ నాణేలు తవ్వి
నడుం వంగాక వచ్చింది.
ధర తక్కువ. నా ఆశ ఎక్కువ.
ఉన్న వేగం చాలక ఇంకాస్త తోలాను,
బక్కగుర్రానికి జీను బిగించి
పందెంలో దింపినవాడిలా.

నా పని
ఇంకా కట్టని అపార్ట్‌మెంట్లకి బొమ్మలు చేయడం.
పదహారో అంతస్తు బాల్కనీలో పూలకుండీ,
గాజు మీద మబ్బు,
సాయంత్రం ఏ కిటికీలో ఎంత పసుపు వెలగాలో
లెక్కగట్టేదంతా ఈ కార్డే.
ఆ బొమ్మల్లో పొగ ఉండదు.
ఉలాన్‌బాతర్‌లో, చింగెల్‌తేయ్ కొండ వాలున
మా వాడలో
కిటికీ తుడిచిన గుడ్డ సాయంత్రానికే నల్లన.

పంతొమ్మిది. నూటికి దించాను. తొమ్మిదీ పదకొండు.
ఆగేముందు బాల్కనీ నిండా ఆకుపచ్చ గళ్లు,
పూలకుండీ మూడు ముక్కలు.

ఇరవై. డ్రైవర్లు పీకి మళ్లీ వేశాను. తొమ్మిదీ ఎనిమిది.

ఇరవై ఒకటి. మరలు విప్పాను.
లోపల రెక్కల సందుల్లో బొగ్గుమసి, కాటుకంత మెత్తగా.
చిప్పుల మీది ప్యాడ్లు ఎండిన అప్పడాల్లా
ముట్టుకుంటే విరిగాయి.
కొత్తవి కత్తిరించి అంటించాను, పేస్టు రాశాను,
కొత్త కేబులు వేశాను.
తొమ్మిదీ ఆరు.

ఇరవై రెండు. కిటికీ తెరిచి పెట్టాను.
బయట మైనస్ ముప్పై ఒకటి.
కార్డు చల్లగా, ముప్పై ఎనిమిది డిగ్రీల దగ్గర కూర్చుంది.
నా వేళ్లు పనిచేయడం మానేశాయి.
కాసేపటికి అదీ మానేసింది.
కారణాలు వేరు.

అమ్మిన కుర్రాడు బిలెగ్త్ ఫోన్లో నవ్వాడు:
"తాడు తెగేదాకా లాగి
తాడుదే తప్పంటావా అన్నా?"

ఇరవై నాలుగు. రోషమొచ్చి
కంపెనీ పెట్టిన వేగానికే దించేశాను.
లాగలేదు, తోలలేదు.
తొమ్మిదీ నాలుగు.

మా దడి లోపలే గొర్రెబొచ్చు గుడారంలో ఉండే దోల్గోర్
కత్తెర సాన పట్టించుకోడానికి వచ్చింది.
చగాన్ సార్ పండుగకి పదిహేడు దేల్ అంగీలు కుట్టివ్వాలట.
ఉప్పు టీ చల్లారేదాకా నా పుస్తకం తిరగేసింది.
మెగాహెర్ట్‌జ్‌లు, మిల్లీవోల్టులు అన్నీ వదిలేసి
చివరి వరస మీద వేలు పెట్టి
పై నుంచి కిందికి జార్చింది.

"తొమ్మిదికే కదా కరెంటు చవకయ్యేది.
నా మిషను కూడా ఆ వేళకే గొంతు మారుస్తుంది."

ఆ రాత్రి మీటరు ప్లగ్గులో గుచ్చి కూర్చున్నాను.
రెండు వందల పదహారు.
తొమ్మిది కొట్టింది. కొండ మీద కొండంత జనం
బొగ్గు పొయ్యి ఆర్పి హీటరు మీట నొక్కారు.
రెండు వందల రెండు.
నూట తొంభై.
నూట ఎనభై ఒకటి,
బావిలో చేద దిగినట్టు.

అప్పుడు చూశాను, నా కాళ్ల దగ్గర
ఎర్రగా వెలుగుతున్న నా హీటరుని.
అదే బోర్డుకి గుచ్చి ఉంది.
రోజూ తొమ్మిదికే వేసేది నేనే.

అత్త మీది కోపం దుత్త మీద అంటారే.
ఇక్కడ అత్తనీ నేనే అయ్యాను.

స్టెబిలైజరు పండుగ తర్వాత, డబ్బులొస్తే.

ఇరవై ఎనిమిది. మళ్లీ నూట యాభై ఎక్కించాను. బుద్ధి రాలేదు.
హీటరు పీకేశాను. రెండు కోట్లు, ఒక టోపీ.
తొమ్మిదీ నాలుగు దాటింది. ఏడు దాటింది.
తొమ్మిదీ నలభైకి తెర మీద
లేని ఇళ్ల కిటికీలు ఒక్కొక్కటే
పసుపు తాగుతున్నాయి.
దడి అవతల చీకట్లో
దోల్గోర్ మిషను
అదే కుట్టుని బొంగురు గొంతుతో
కుడుతూనే ఉంది.